పాత క్యాసెట్టులోని స్వరమును పోగొట్టుకొనవద్దు



మీ ఇంటి బీరువాలో పాత క్యాసెట్టులున్నవా? రేడియో వర్తమానములు, కన్వెన్షన్ ప్రసంగములు, ఇప్పుడు మన మధ్య లేని పెద్దల ప్రార్థనలు వాటిలో ఉండవచ్చును. 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన ఈ క్యాసెట్టులో సన్నని ప్లాస్టిక్ టేపుపై అయస్కాంతపు పూత ఉంటుంది. తేమకు అది బూజు పడుతుంది. కాబట్టి ఆలస్యము చేయక ఆ స్వరమును కంప్యూటరులోనికి ఎక్కించుకొనండి.

మొదట, క్యాసెట్టు వెనుక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచివేయండి. అప్పుడు పొరపాటున రికార్డు బటను నొక్కుదామన్నా పడదు, స్వరము చెరగదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో ప్లేయరు హెడ్డును తుడిచి ఆరనివ్వండి. టేపును చివరివరకు త్రిప్పి, మరల వెనుకకు త్రిప్పండి.

తరువాత, రెండు కొనలకు 3.5 మి.మీ. స్టీరియో పిన్నులున్న వైరు తీసుకొనండి. ఒక కొనను ప్లేయరు హెడ్‌ఫోన్ రంధ్రములోను, రెండవదానిని కంప్యూటరు వెనుక నీలిరంగు లైన్-ఇన్ రంధ్రములోను పెట్టండి. గులాబీరంగుది మైకు కొరకైనది. మైకు నుండి వచ్చే శబ్దము బహు బలహీనము. ప్లేయరు శబ్దము దానికి ఎక్కువై స్వరము పగిలిపోతుంది. లాప్‌టాప్‌లలో సాధారణముగా లైన్-ఇన్ ఉండదు. లైన్-ఇన్ ఉన్న యు.ఎస్.బి. సౌండ్‌కార్డు కొనుక్కొనవలెను.

ఈ తప్పు నేనే చేశాను. మా సంఘములోని ఒక పెద్దామె, తన భర్త కుటుంబ ప్రార్థన ఉన్న ఒకే ఒక క్యాసెట్టును నా చేతికిచ్చింది. తొందరలో మైకు రంధ్రములో పెట్టి, వినకుండానే సీడీ చేసి ఇచ్చాను. ఆమె విని, "అయ్యగారూ, ఇది ఆయన గొంతులా లేదండీ" అన్నది. క్యాసెట్టు పారవేయలేదు గనుక మరల చేయగలిగాను. పారవేసి ఉంటే ఆమెకు ఏమని జవాబు చెప్పుదును?

రికార్డు చేయుటకు ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము చాలును. 44,100 హెర్ట్జ్, 16 బిట్ ఎంచుకొనండి. ప్రసంగీకుడు గట్టిగా మాట్లాడిన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ప్లేయరు వాల్యూము తగ్గించండి. 60 నిమిషముల క్యాసెట్టుకు 60 నిమిషములూ పడుతుంది, ఓపిక కావలెను. మొదట వేవ్ ఫైలుగా దాచండి. స్టీరియోలో గంటకు సుమారు 600 ఎం.బి., మోనోలో అందులో సగము. ఫోనులో వినుటకు ఎం.పి.3 వేరుగా చేసుకొనండి. గరగర శబ్దము తీసివేయదలిస్తే నకలులోనే తీయండి, అసలు ఫైలును ముట్టవద్దు.

చివరగా, మొదటినుండి చివరివరకు వినండి. ప్రసంగీకుని పేరు, ఊరు, సంవత్సరము ఫైలు పేరులోనే వ్రాయండి. రెండు వేర్వేరు చోట్ల దాచండి. క్యాసెట్టును మాత్రము పారవేయవద్దు.

ప్రియులారా, అయిదు రొట్టెలు అయిదు వేలమందికి పంచిన ప్రభువు, మిగిలిన ముక్కలను కూడా పోగుచేయించెను. మన పెద్దల స్వరములు మనకు మిగిలిన ముక్కలే. పోగుచేసికొందము.