బాయికాడి మోటార్, రామగుండం పొగ

వాతావరణ మార్పు అనంగనె మనోళ్లు ఫోన్ల మంచు కరుగుతున్న వీడియో జూసి, లైక్ గొట్టి, పక్కకు జరుపుతరు. మనకేం సంబంధం అనుకుంటరు. సంబంధం బాయికాడ ఉన్నది తమ్మీ, మోటార్‌ల ఉన్నది.

లెక్క జెప్త. 5 హెచ్‌పీ మోటార్ గంట నడిస్తె నాలుగైదు యూనిట్లు గుంజుతది. రామగుండం అసోంటి బొగ్గు ప్లాంటుల ఒక్క యూనిట్ తయారు గావాల్నంటె దగ్గర దగ్గర 700 గ్రాముల బొగ్గు కాలాలె. కాలినంక కిలోకు జర అటిటుగ కార్బన్ డయాక్సైడ్ మీదికి వోతది, బూడిద కుప్పవడ్తది. పొలం నిండినంక గూడ మోటార్ మూడు గంటలు నడిస్తె ఎనిమిది, పది కిలోల బొగ్గు ఉత్తగ మసైనట్టే. తెలంగాణల 27 లక్షలకు పైన వ్యవసాయ కనెక్షన్లున్నయి. మిగిలిన గుణకారం మీరే చేసుకోండ్రి.

గిట్ల జెప్పంగనె "అయితె ఫ్రీ కరెంటు బంద్ వెట్టాలె, మీటర్లు బిగించాలె" అని కొందరు లేస్తరు. నేను ఒప్పుకోను. కాలువ కింది రైతుకు సర్కారు పైసలతోని డ్యాములు గట్టి నీళ్లిచ్చింది. మెట్ట రైతు అప్పుజేసి తనే బోరేసుకున్నడు. ఆయనకు కరెంటే కాలువ.

అసలు చిక్కు వేరే ఉన్నది. స్టార్ రేటింగ్ ఉన్న మంచి మోటార్ పిరం. దాంతోని మిగిలే కరెంటు పైసలు రైతు జేబుల పడయి, డిస్కమ్‌కు మిగుల్తయి. మరి రైతెందుకు కొంటడు? నాలుగుసార్లు వైండింగ్ జేయించిన మోటార్‌నే మల్ల దించుతడు. లాభం ఎవలికో వాళ్లే మోటార్ మార్పియ్యాలె. ఇది గాలిమాట గాదు. మహారాష్ట్ర షోలాపూర్ జిల్లా మంగళవేఢల రెండు వేలకు పైన పాత పంపుసెట్లు గిట్లనే మార్చిండ్రు. ఆంధ్రల రాజానగరం దిక్కు గూడ ఈఈఎస్ఎల్ సంస్థ ఈ పని జేసింది.

ఇగ ఆటో స్టార్టర్. రాత్రిపూట కరెంటిచ్చే రోజులల్ల అది రైతు పానం గాపాడింది. చీకట్ల పాము కుడ్తదో, షాక్ కొడ్తదో అన్న భయం లేకుండ జేసింది. అందుకే రైతును తిట్టుడు నాకు నచ్చది. కని 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు అన్నరు. ఇప్పుడు దాంతోని నష్టమే ఎక్కువ. కరెంటు పోయి రాంగనె ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లన్ని ఒక్కపారే లేస్తయి, లోడు ఆగక అది కాలుతది. మల్ల చందాలేసుకునుడు మనమే. కరెంటు మీద నమ్మకం కుదిరేటట్టు డిస్కమ్ జేస్తె స్టార్టర్లు వాటంతట అవే ఊడుతయి.

కెపాసిటర్ గూడ అంతే. మోటార్‌కు కావలసిన రియాక్టివ్ కరెంటును అది బాయికాడనే ఇస్తది, తీగల మీద బరువు తగ్గుతది, వోల్టేజీ నిలుస్తది. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్‌ది సరిపోతది. ఈ ఒక్కటి మాత్రం ఎవలి కోసం ఆగకుండ్రి.

సోలార్ మోటార్‌కు మంచి జోడీ. ఎండ ఉన్నప్పుడే నీళ్లు, రాత్రి బాయికాడికి పోవుడే ఉండది. (బోర్ల నీళ్లు మాత్రం ఎండ లెక్క రోజూ పుట్టయి, డ్రిప్పు ఉండాల్సిందే.) 2019ల వచ్చిన పీఎం కుసుమ్ పథకం కింద సబ్‌స్టేషన్ దగ్గరి పడావు భూమిల రైతులు, సంఘాలు, పంచాయతీలు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాక ప్లాంటు పెట్టుకోవచ్చు. వినడానికి మంచిగనే ఉన్నది. కని ఒక్క మెగావాట్‌కు నాలుగెకరాల జాగ, కోట్ల పెట్టుబడి గావాలె. రెండెకరాలోడు ఏడికెళ్లి తెస్తడు? పైసలున్నోడు లీజుకు తీసుకుంటడు, మనోడు గేటుకాడ వాచ్‌మన్ అయితడు. మహిళా సంఘాలకు 1,000 మెగావాట్ల సోలార్ ఇస్తమని రాష్ట్ర సర్కారు అన్నది. ఆ మాట మీ ఊరి సంఘం దాక వచ్చిందా?

మీ సబ్‌స్టేషన్‌కు ఎన్ని మెగావాట్లు కలుపొచ్చు, ఇప్పటికి ఎవలి పేరు మీద ఇచ్చిండ్రు అన్న లెక్క డిస్కమ్ ఆఫీసుల ఉంటది. అడిగితె చెప్పకుంటె సమాచార హక్కు కింద దరఖాస్తు వెట్టుండ్రి. జిల్లా ఆఫీసుకైతె ఫీజు 10 రూపాయలు.