కెరీర్ మార్పు: షాదీపూర్ నుంచి పంపే రెజ్యూమెలో ఏం ఉండాలి?

అండమాన్ రాజధానిలోని షాదీపూర్‌లో ఉంటూ, ఏడేళ్లుగా ఒక ట్రావెల్ ఏజెన్సీలో పనిచేస్తున్న 32 ఏళ్ల తెలుగు యువతిని ఊహించుకుందాం. ఆమె విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో లాజిస్టిక్స్ రంగంలోకి మారాలనుకుంటున్నారు. రెజ్యూమె మొదటి వాక్యం చాలామంది రాసినట్టే ఉంది: 'టికెట్ బుకింగ్, కస్టమర్ హ్యాండ్లింగ్‌లో ఏడేళ్ల అనుభవం.'

ఇది చదివిన హెచ్‌ఆర్ ఉద్యోగికి టికెట్లు బుక్ చేసే మనిషి మాత్రమే కనిపిస్తారు. మరి ఆమె నిజంగా చేసిన పనేంటి? సముద్రం బాగాలేక, ఇదివరకు హేవ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీప్‌కు ఫెర్రీలు రద్దయిన రోజున హోటల్ గదులు పొడిగించాలి, మర్నాటి పడవలో సీట్లు పట్టాలి, ఎవరి తిరుగు విమానమూ తప్పిపోకుండా చూడాలి. కోపంగా ఉన్నవాళ్లకు సర్దిచెప్పాలి. లాజిస్టిక్స్ కంపెనీలకు కావాల్సింది సరిగ్గా ఈ నేర్పే. ద్వీపంలో అది రోజువారీ వ్యవహారం కాబట్టి, రాయాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

'వాతావరణం వల్ల ప్రయాణాలు రద్దయినప్పుడు బుకింగ్‌లు, బస, రవాణాను అదే రోజు తిరిగి సమన్వయం చేశాను' అని రాస్తే ఆ వాక్యం ఏ రంగంలోనైనా అర్థమవుతుంది. నెలకు సగటున ఎన్ని బుకింగ్‌లు చూశారో కూడా చేర్చాలి. అంకె కచ్చితంగా తెలియకపోతే రిజిస్టర్ చూసుకోవాలి కానీ ఊహించి రాయకూడదు. ఇంటర్వ్యూలో మొదట అడిగేది దాని గురించే.

భాషల సంగతీ అంతే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం మాట్లాడేవారి సంఖ్య ఇంకా ఎక్కువ. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, పక్కింటివాళ్లతో బెంగాలీ మాట్లాడటం అక్కడ గొప్పేమీ కాదు. కస్టమర్ సపోర్ట్, సేల్స్ ఉద్యోగాలకు మాత్రం అది పెద్ద అర్హత. ఏ భాష మాట్లాడగలరో, ఏది రాయగలరో విడివిడిగా చెప్పాలి.

తీసేయాల్సినవీ ఉన్నాయి. ప్రభుత్వ దరఖాస్తులు నింపీ నింపీ మనకు బయోడేటా అలవాటైపోయింది. తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి, చివర్లో 'పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అనే వాక్యం ప్రైవేటు కంపెనీకి అక్కర్లేదు. ఆ చోటును పనికి కేటాయించడం మేలు.

చిరునామా దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. పాత సర్టిఫికెట్లలో ఒక పేరు, రెజ్యూమెలో మరో పేరు ఉంటే మెయిన్‌ల్యాండ్‌లో చదివేవారు తికమకపడతారు. రెండూ రాయడమే మంచిది. కింద 'విశాఖకు మారడానికి సిద్ధం' అని ఒక్క ముక్క చేర్చాలి. లేకపోతే అంత దూరం నుంచి ఈమె వస్తారా అన్న అనుమానంతోనే పక్కన పెట్టేయవచ్చు.

2020లో కోవిడ్‌తో పర్యాటకం ఆగిపోయినప్పుడు ఉద్యోగం పోయిందా? ఆ ఖాళీని దాచడానికి తేదీలు సాగదీయడం కంటే 'కోవిడ్ కారణంగా ఏజెన్సీ మూతపడింది' అని రాసేయడమే నయం. అనుభవ ధ్రువపత్రాలు పరిశీలించినప్పుడు తేదీలు ఎలాగూ బయటపడతాయి.

ఇక కవర్ లెటర్. రెజ్యూమెనే మళ్లీ చెప్పే లేఖను ఎవరూ చదవరు. రంగం మారేవారి లేఖ 'ఎందుకు మారుతున్నారు, మాకెలా పనికొస్తారు' అన్న ప్రశ్నలకు జవాబివ్వాలి. ఇంగ్లిష్‌లో రాసినా భావం ఇలా ఉండొచ్చు: 'ఫెర్రీలు రద్దయిన రోజు ప్రయాణికుల షెడ్యూలును సాయంత్రంలోగా మళ్లీ కుదర్చడం ఏడేళ్లుగా నా పని. మీ ప్రకటనలోని డెలివరీ షెడ్యూలింగ్‌కూ ఇదే నైపుణ్యం అవసరమని గమనించాను. గోదాము నిర్వహణలో నాకు అనుభవం లేదు. అందుకే ఇన్వెంటరీ కోర్సు పూర్తి చేశాను.'

లోటును ఒప్పుకుంటే అవకాశం పోతుందని చాలామంది భయపడతారు. కానీ అది రెజ్యూమెలో ఎలాగూ కనిపిస్తుంది. దాన్ని పూడ్చుకోవడానికి ఏం చేశారన్నది లేఖలో తప్ప ఇంకెక్కడా చెప్పలేరు. ఆ కోర్సు నిజంగా చేసి ఉండాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

లేఖ చివర వీడియో ఇంటర్వ్యూకు సిద్ధమని రాయవచ్చు. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమైంది. అంతకుముందు ఉపగ్రహ ఇంటర్నెట్టే దిక్కు. ఇప్పుడు తొలి రౌండు కోసం విమాన టికెట్ కొనాల్సిన అవసరం లేదు.