రేసు కారును ఏ కోణంలో పట్టాలి?

రేసు ఫొటోలో వేగం ఎంత కనిపిస్తుందన్నది మూడు విషయాలను బట్టి ఉంటుంది: షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంది, కారు ఎంత దూరంలో ఉంది, కెమెరా దాన్ని ఏ కోణం నుంచి చూస్తోంది. మొదటి రెండింటి గురించి అందరూ మాట్లాడతారు. అసలు పని ఎక్కువగా చేసేది మూడోది.

గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 55.6 మీటర్లు కదులుతుంది. షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరిచి ఉన్నా ఆలోపే అయిదున్నర సెంటీమీటర్లు ముందుకు పోతుంది. 125వ వంతు తెరిచి ఉంచితే 44 సెంటీమీటర్లు. కారు ఎదుట అడ్డంగా పోతుంటే ఈ కదలికంతా బొమ్మ మీద గీతలుగా పడుతుంది. అదే కారు నేరుగా కెమెరా వైపు వస్తుంటే బొమ్మ పక్కకు జరగదు, పెద్దదవుతుంది, అంతే. ఈ రెంటికీ మధ్య ఒక చక్కని లెక్క ఉంది. ట్రాక్ పక్కన ఒకేచోట నిలబడి చూస్తున్నప్పుడు, చూపుకీ ట్రాక్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలుంటే కారు కంటికి ఎంత వేగంగా జరుగుతుందో, 45 డిగ్రీల దగ్గర అందులో సగం వేగంతో, 30 డిగ్రీల దగ్గర నాలుగో వంతు వేగంతో జరుగుతుంది. త్రికోణమితిలో సైన్ వర్గం అని చదువుకున్నది ఇక్కడ అక్కరకొస్తుంది. పక్క నుంచి వెయ్యో వంతు సెకను కావాల్సిన చోట, 30 డిగ్రీల కోణానికి 250వ వంతు సరిపోతుంది. పాత లెన్స్‌తో, సాధారణ కెమెరాతో పనిచేసే వాళ్లకు ఇది చాలా పెద్ద వెసులుబాటు.

తెలుగు నేల మీద ఈ లెక్కలన్నీ ఒకేచోట పరీక్షకు నిలిచిన రోజు 2023 ఫిబ్రవరి 11. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్ చుట్టూ వేసిన 2.8 కిలోమీటర్ల, 18 మలుపుల వీధి ట్రాక్ మీద విద్యుత్ కార్ల ఫార్ములా ఈ ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ జరిగింది. డీఎస్ పెన్స్కే జట్టు డ్రైవర్ జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, నిక్ కాసిడీ రెండో స్థానంలో వచ్చాడు. 2013 ఫార్ములా వన్ ఇండియన్ గ్రాండ్ ప్రీ తర్వాత దేశంలో జరిగిన ఈ స్థాయి కార్ల పోటీ ఇదే. బరిలో ఉన్న ఏకైక భారతీయ జట్టు మహీంద్రా రేసింగ్. మహీంద్రా సంస్థ ట్రాక్టర్ల కర్మాగారం సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లోనే ఉంది. అక్కడ తయారైన బండిని రోజూ పొలం గట్టు మీద చూసేవాళ్లకు, అదే పేరున్న రేసు కారు ఒక్కసారి జాలీ సందుల్లోంచి కనబడి మాయమైంది.

జాలీ అన్నమాట ఊరికే అనలేదు. వీధి ట్రాక్‌లో ఫొటోగ్రాఫర్‌కు మొదటి శత్రువు వేగం కాదు, కంచె. కాంక్రీటు గోడ, దాని మీద ఎత్తైన ఇనుప జాలీ ట్రాక్ పొడవునా ఉంటాయి. అధికారిక ఫొటోగ్రాఫర్ల కోసం అక్కడక్కడా జాలీలో చిన్న కిటికీలు వదులుతారు. మిగతా వాళ్లు జాలీని మాయం చేయడం నేర్చుకోవాలి. 400 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/2.8 దగ్గర తెరిస్తే కాంతి లోపలికొచ్చే ద్వారం వెడల్పు దాదాపు 143 మిల్లీమీటర్లు. లెన్స్‌ను జాలీకి ఆనించి పెట్టి దూరంగా ఫోకస్ చేస్తే, 4 మిల్లీమీటర్ల తీగ ఆ ద్వారంలో అడ్డుకునేది మూడు నాలుగు శాతమే. తీగ ఎక్కడా కనబడదు, బొమ్మ రవ్వంత వెలిసినట్టు ఉంటుంది. ఎఫ్/16కు మూస్తే ద్వారం 25 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది, అదే తీగ ఐదో వంతు కాంతిని మింగేస్తుంది, బొమ్మ మీద చారలు పడతాయి. ఫోను సంగతి తలకిందులు. దాని ద్వారం మూడు నాలుగు మిల్లీమీటర్లే కనుక తీగ ఎదురొస్తే చూపు పూర్తిగా పోతుంది. కానీ అంత చిన్న లెన్స్ జాలీ కన్నంలో ఇట్టే ఇమిడిపోతుంది కూడా. లక్షల రూపాయల లెన్స్ చేతిలో ఉన్న వాళ్లకు ఈ సౌకర్యం లేదు.

ఎక్కడ నిలబడాలన్న ప్రశ్నకు మలుపులు మంచి జవాబు. పొడవైన తిన్నని రోడ్డు మీద కారు కంటికి ఆనకముందే వెళ్లిపోతుంది. హెయిర్‌పిన్ మలుపు దగ్గర బాగా నెమ్మదిస్తుంది, ముక్కు తిప్పుతుంది, ఒకే కారు కొన్ని క్షణాల్లోనే ఎదురు, పక్క, వెనుక మూడు ముఖాలూ చూపిస్తుంది. గుద్దుకోవడాలూ అక్కడే ఎక్కువ. హైదరాబాద్ పోటీలో జాగ్వార్ జట్టు కార్లు రెండూ ఒకదాన్నొకటి ఢీకొన్నది మూడో మలుపు హెయిర్‌పిన్‌లోనే.

నేపథ్యాన్ని ఎంచుకోవడం కూడా కోణం పనే. దృశ్యంలో దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ మధ్య నిష్పత్తి లెన్స్‌ను బట్టి మారుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నిలబడ్డ దూరాన్ని బట్టే మారుతుంది; లెన్స్ ఆ దృశ్యంలోంచి ఒక ముక్కను కత్తిరించి ఇస్తుంది. హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధ విగ్రహం ఎత్తు 58 అడుగులు, అంటే దాదాపు 17.7 మీటర్లు. ఫార్ములా ఈ కారు పొడవు సుమారు 5 మీటర్లు. విగ్రహం కారుకు 500 మీటర్ల వెనుక ఉందనుకుందాం. కారుకు 20 మీటర్ల దూరంలో నిలబడితే విగ్రహం ఎత్తు, కారు పొడవులో ఏడో వంతుగా, మూలనున్న చిన్న బొమ్మలా వస్తుంది. 200 మీటర్లు వెనక్కి వెళ్లి పొడవాటి లెన్స్ పెడితే రెండూ సమానంగా నిలుస్తాయి. ఊరి గుర్తు, కారు రెండూ కలిసి పడాలంటే దగ్గరికి ఉరకడం కాదు, వెనక్కి నడవడం తెలియాలి.

ప్యానింగ్ అనే పద్ధతిలో కారుతోపాటు కెమెరాను తిప్పుతూ షట్టర్‌ను 60వ వంతో, 30వ వంతో సెకను తెరిచి ఉంచుతారు. కారు నిలకడగా, వెనుకనున్న గోడలూ జనమూ అడ్డ గీతలుగా పడతాయి. చాలామంది ఇక్కడ చేతి వణుకును నిందిస్తారు కానీ, చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా ఒక చిక్కు తప్పదు. కారులోని అన్ని భాగాలూ కంటికి ఒకే కోణ వేగంతో జరగవు. 10 మీటర్ల దూరంలో గంటకు 200 కిలోమీటర్ల వేగంతో ఎదుట అడ్డంగా పోతున్న 5 మీటర్ల కారులో, డ్రైవర్ హెల్మెట్‌తో పోలిస్తే ముక్కు దాదాపు 6 శాతం తక్కువ వేగంతో తిరుగుతుంది. 60వ వంతు సెకనులో ఈ తేడా, మామూలు 50 మిల్లీమీటర్ల లెన్స్, 24 మెగాపిక్సెల్ కెమెరాలో దాదాపు 50 పిక్సెళ్ల చెదురుగా తేలుతుంది. అదే 50 మీటర్ల నుంచి అయితే తేడా పావు శాతమే. దూరం నుంచి పొడవాటి లెన్స్‌తో తీస్తే కారంతా కోసినట్టు వస్తుంది. దగ్గర నుంచి వెడల్పు లెన్స్‌తో తీస్తే హెల్మెట్ ఒక్కటే నిలిచి, ముక్కూ తోకా కరిగిపోయినట్టు ఉంటాయి. రెండో రకాన్ని తప్పు ఫొటోగా పారేసే వాళ్లుంటారు. వేగాన్ని ఎక్కువ చెప్పేది మాత్రం అదే.

చక్రం సంగతి ఇంకా తమాషా. దొర్లే చక్రంలో నేలకు తగిలే చోటు ఆ క్షణానికి కదలదు. ఇరుసు బండి వేగంతో పోతుంది, పైఅంచు బండికి రెట్టింపు వేగంతో పోతుంది. ముంబయి హైవే మీద ఇస్నాపూర్ దగ్గర గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీని కెమెరా కదపకుండా 500వ వంతు సెకనులో తీసి, టైరు మీది అక్షరాలను పెద్దవి చేసి చూస్తే తెలిసిపోతుంది. నేలకు దగ్గరగా ఉన్న అక్షరాలు చదవడానికి వస్తాయి. పైన ఉన్నవి ఆరేడు సెంటీమీటర్ల బూడిద రంగు చారలై ఉంటాయి. ప్యానింగ్ చేస్తే ఇది పోతుంది, అక్షరాలు చుట్టూ ఒకే తీరున చెదురుతాయి. ఒక ఫొటోను కెమెరా తిప్పి తీశారో, నిలిపి తీశారో కారు చక్రమే చెప్పేస్తుంది. కంప్యూటర్‌లో తర్వాత కలిపిన నకిలీ గీతలను పట్టుకోవడానికీ ఇదే మంచి ఆధారం.

కెమెరాను నేలకు ఆనించి తీయడం అందరికీ నచ్చే కోణం. కారు ఆకాశం మీదికి లేచినట్టు, రోడ్డు గరుకంతా ముందుకొచ్చినట్టు ఉంటుంది. ఎండ వేళ మాత్రం ఇందులో ఒక ఇబ్బంది ఉంది. వేడెక్కిన తారు పైనున్న గాలి పలచబడుతుంది, దాని వక్రీభవన గుణకం తగ్గుతుంది, కాంతి కిరణాలు పైకి వంగుతాయి. ఎండమావి పుట్టేది ఇలాగే. 200 మీటర్ల దూరం నుంచి నేలబారుగా తీస్తే కాంతి ఆ పొరలోనే ఈదుతూ రావాలి. ఎంత ఖరీదైన లెన్స్ అయినా బొమ్మ అలలాడుతుంది. కెమెరాను ఒకటి రెండు మీటర్లు ఎత్తడమో, కారుకు దగ్గరవడమో, ఉదయాన్నే తీయడమో తప్ప మందు లేదు. పెట్రోలు రేసుల్లో కారు వెనుక పొగ గొట్టం వేడికి గాలి వణకడం ఒక అందం. విద్యుత్ కారులో అది ఉండదు. 2023లో వచ్చిన మూడో తరం ఫార్ములా ఈ కారులో వెనుక చక్రాలను మామూలుగా ఆపేది హైడ్రాలిక్ బ్రేకులు కావు, మోటార్లే ఆ పని చేస్తూ విద్యుత్తును బ్యాటరీకి తిరిగి పంపుతాయి. కాబట్టి ఎర్రగా కాలిన బ్రేకు డిస్కు వెలుగు కోసం వెనుక చక్రం వైపు కెమెరా పెట్టి కూర్చుంటే నిరాశే.

తడి నేల మీద తక్కువ ఎత్తు మరో లాభం ఇస్తుంది. నీటి మీద నిట్టనిలువునా పడిన కాంతిలో 2 శాతమే తిరిగి వస్తుంది. నీటి మట్టానికి 10 డిగ్రీల కోణంలో చూస్తే 35 శాతం వరకు వస్తుంది. నిలబడి చూసినప్పుడు నల్లగా ఉన్న నీటి మడుగు, మోకాళ్ల మీద కూర్చుని చూస్తే అద్దం అవుతుంది.

ఇక కెమెరాను పక్కకు వంచి తీసే అలవాటు. చదునైన ఎన్టీఆర్ మార్గ్‌ను కూడా 10 డిగ్రీలు వంచితే ఎక్కుడు దారిలా చూపించవచ్చు. ఒకటి రెండు ఫొటోల్లో బాగుంటుంది. ప్రతి ఫొటోలోనూ చేస్తే చూసేవాళ్ల మెడ నొప్పి తప్ప మిగిలేది లేదు.

కెమెరా లోపలి యంత్రమే వింత కోణాలు పుట్టించిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ జాక్ హెన్రీ లార్టీగ్ కుర్రవాడిగా ఉన్నప్పుడు, 1910ల తొలి ఏళ్లలో, ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో తీసిన ఒక ఫొటోలో కారు చక్రం ముందుకు వాలిన కోడిగుడ్డులా ఉంటుంది, ప్రేక్షకులు వెనక్కి వాలి ఉంటారు. ఆ రోజుల షట్టర్‌లో ఒక సన్నని చీలిక పలక మీదుగా నెమ్మదిగా జరిగేది. బొమ్మలోని అడుగు భాగం ఒక క్షణంలో, పై భాగం ఇంకో క్షణంలో పడేవి. ఈలోగా కారు ముందుకు పోయేది. లార్టీగ్ కెమెరాను తిప్పాడు కానీ కారంత వేగంగా తిప్పలేకపోయాడు. అందుకే కారు ఒకవైపు, జనం ఇంకోవైపు వాలారు. 1963లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం ప్రదర్శన తర్వాత ఆయన ఫొటోలకు ప్రపంచ ఖ్యాతి వచ్చింది.

నేటి ఫోన్లలో ఆ చీలిక లేదు కానీ సెన్సర్‌ను వరుస వెంట వరుసగా చదువుతారు, ఫలితం అదే. మొత్తం చదవడానికి 50వ వంతు సెకను పడితే, ఆలోపు 200 కిలోమీటర్ల వేగపు కారు 1.1 మీటర్లు జరుగుతుంది. కారు ఎత్తు ఫ్రేములో మూడో వంతు ఉంటే దాని అడుగుకూ పైకీ మధ్య దాదాపు 37 సెంటీమీటర్ల వాలు వస్తుంది. దీనికి విరుగుడు సెన్సర్ మొత్తాన్నీ ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్. ఫ్యాక్టరీల ప్యాకింగ్ లైన్లలో కదిలే పెట్టెలను తనిఖీ చేసే కెమెరాల్లో ఇది ఎప్పటి నుంచో ఉంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సరున్న మామూలు ఫొటో కెమెరాల్లోకి తొలిసారి 2023 నవంబరులో ప్రకటించిన సోనీ ఏ9 త్రీతో వచ్చింది.

పై నుంచి చూసే కోణంలో నీడలే సగం ఫొటో. సాయంత్రపు ఎండలో కారు కంటే దాని నీడే పొడవు. మేడ మీది నుంచో, ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీది నుంచో ఇది దొరుకుతుంది. డ్రోన్ ఎగరేయాలంటే మాత్రం 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి. డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో ముందే చూసుకోవాలి. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. భానూరులో భారత్ డైనమిక్స్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఉన్నాయి. రక్షణ సంస్థల వైపు డ్రోనే కాదు, కెమెరా ఎత్తడం కూడా నేరం కావచ్చు.

2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో హైదరాబాద్ పోటీ రద్దయింది. అయినా ఫొటోల సాధనకు రేసే కావాలని లేదు. 40 మీటర్ల దూరంలో గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే రేసు కారును వెంబడించడానికి కెమెరాను సెకనుకు దాదాపు 80 డిగ్రీలు తిప్పాలి. 12 మీటర్ల దూరంలో 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీకీ సరిగ్గా అంతే తిప్పాలి. చేతికీ నడుముకూ ఈ రెంటి మధ్య తేడా తెలియదు. ముంబయి హైవే సర్వీసు రోడ్డుకు అవతల, ఫుట్‌పాత్ మీద, పట్టపగలు నిలబడి 60వ వంతు సెకనుతో మొదలుపెట్టి, లారీ స్థిరంగా వచ్చేదాకా తీస్తూ పోతే చాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి మాత్రం నడిచి వెళ్లకూడదు. అక్కడ పాదచారులకు అనుమతి లేదు.