పనిముట్ల పెట్టెను ఎందుకు సర్దాలి? ఎలా?

సుత్తి, ఉలి, ఆకురాయి, స్పానర్లు అన్నీ ఒకే పెట్టెలో కుప్పగా పడేస్తే కావలసింది ఓ పట్టాన దొరకదు. అంతేకాదు, పనిముట్లూ పాడవుతాయి.

ఎందుకు? ఆకురాయిని బాగా గట్టిపరచిన ఉక్కుతో చేస్తారు. దాని పళ్లు తగిలితే ఉలి అంచు మొండిబారుతుంది. గట్టి ఉక్కు పెళుసుగా కూడా ఉంటుంది కాబట్టి, రెండు ఆకురాళ్లు రాసుకుంటే వాటి పళ్లే విరుగుతాయి. ఇక తుప్పు సంగతి. ఇనుము, గాలిలోని ఆక్సిజన్, తేమ కలిస్తే తుప్పు పుడుతుంది. చేతి చెమటలోని ఉప్పు దాన్ని ఇంకా వేగిరం చేస్తుంది.

మరి ఎలా సర్దాలి?

• బరువైనవి అడుగున, తరచూ వాడేవి పైన పెట్టండి.

• ఉలి మొనకు తొడుగు వేయండి. ఆకురాళ్లను విడివిడిగా గుడ్డలో చుట్టండి.

• స్పానర్లను 8, 10, 12, 13 మిల్లీమీటర్లు... ఇలా సైజు వరసలో ఉంచండి. ఏది తగ్గినా ఖాళీ చోటే చెబుతుంది.

• పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, ఇనుప భాగాలకు పలుచగా మెషీన్ నూనె రాయండి. ఆ నూనె పొర తేమను ఇనుముకు తగలనివ్వదు. ఆకురాయికి మాత్రం నూనె వద్దు, పట్టు జారుతుంది. దాని పళ్లలో ఇరుక్కున్న రజను తీగల బ్రష్‌తో దులిపితే చాలు.

పదునైన వాటిని పెద్దవాళ్లు పక్కనుండగానే సర్దండి.