సొసైటీకి పుట్టినిల్లు ఓ రొట్టెల పొయ్యి

ఎరువులకూ, పంట రుణానికీ సొసైటీ మెట్లెక్కే రైతు సోదరులారా! ఈ ఏర్పాటుకు బీజం ఎక్కడ పడిందో తెలుసా? జర్మనీలోని వెయర్‌బుష్ అనే చిన్న పల్లెలో.

వెస్టర్‌వాల్డ్ కొండసీమలోని ఆ ఊళ్లో 1846లో పంట పోయింది. చలికాలానికి గాదెలు ఖాళీ. అప్పటి మేయరు ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్‌కు ముప్పై ఏళ్లు కూడా లేవు. సర్కారు పిండి పంపింది గానీ రొక్కానికే అమ్మాలంది. రొక్కముంటే ఆకలెందుకు? ఆయన షరతు పక్కనబెట్టి పేదలకు అరువిచ్చాడు. కలిగినవారి దగ్గర డబ్బు పోగుచేసి, ఉమ్మడి పొయ్యి కట్టించి, రొట్టెలు కాల్పించాడు. తర్వాత విత్తనాలూ అలాగే ఇప్పించాడు.

1849లో దగ్గర్లోని ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో పశువులు కొనడానికి అప్పులిచ్చే సంఘం పెట్టాడు. షావుకారు వడ్డీ బాధ తప్పించాలని ఆయన తాపత్రయం. కానీ దాతలు ఎన్నాళ్లిస్తారు? అందుకే 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో పద్ధతి మార్చాడు. అప్పు తీసుకునే రైతే సభ్యుడు. ఒకరి బాకీకి అందరూ పూచీ. ఎవరు కష్టజీవో, ఎవరు ఎగవేతదారో ఊరికి తెలియదా మరి!

కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి ఐరోపా సంఘాలను పరిశీలించి 1895, 1897లలో నివేదికలిచ్చాడు. రైఫైజెన్ లాంటి వాళ్లను వెతకండి అన్నదే వాటి సారాంశం. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది.

సొసైటీ దానం చేసే సత్రం కాదు, సభ్యుల సొత్తు. మహాజన సభకు వెళ్లండి. లెక్కలడగండి. గడువులోగా బాకీ కట్టండి. మీరు కట్టిన సొమ్మే రేపు పక్కచేను రైతుకు విత్తనమవుతుంది.