ఆక్షన్ మధ్యలో ‘నాకు ఇప్పుడే ఇచ్చేయండి’ అని మెసేజ్ వస్తే?

2023 మొదట్లో, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో నా రూమ్మేట్‌కి లేఆఫ్ మెయిల్ వచ్చింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఆ తర్వాత లెక్క ఏంటో తెలుసు కదా, గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్. ఆలోపు ఇంకో ఎంప్లాయర్ దొరకాలి, లేదంటే స్టేటస్ మార్చుకోవాలి, అదీ కాకపోతే బ్యాగ్ సర్దుకోవాలి. మావాడు ఒక చేత్తో ఇంటర్వ్యూలు ఇస్తూ ఇంకో చేత్తో సామాన్లు అమ్మడం మొదలుపెట్టాడు. మానిటర్లు, డెస్క్, మంచం తెలిసినవాళ్లే తీసుకెళ్లారు. కెమెరా ఒక్కటి మిగిలింది, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100వీ.

ఈ కెమెరా సంగతి గుర్తుందా? 2020 ఫిబ్రవరిలో 1,399 డాలర్లకి లాంచ్ అయింది. తర్వాత టిక్‌టాక్ పుణ్యమా అని షాపుల్లో స్టాక్ ఉండటం మానేసింది. మావాడు ఆర్డర్ పెట్టేనాటికి అంత గోల లేదు. అమ్మే టైమ్‌కి మాత్రం వాడేసిన పీస్‌లు కొత్త ధర కంటే పైన పోతున్నాయి. ఇలాంటి వస్తువుకి ఫిక్స్‌డ్ రేటు పెడితే తక్కువ పెట్టామా ఎక్కువ పెట్టామా అన్నది తేలదు. అందుకే ఈబేలో ఏడు రోజుల ఆక్షన్ పెడదామన్నాను. 99 సెంట్లకి స్టార్ట్, ఆదివారం సాయంత్రం క్లోజ్.

మూడో రోజు ధర 610 దగ్గర ఉంది. అప్పుడు వచ్చింది మొదటి మెసేజ్. “900 ఇస్తాను, ఆక్షన్ ఆపేయండి.”

మావాడి మొహం వెలిగిపోయింది. “మామా, 610 ఎక్కడ, 900 ఎక్కడ! ఇచ్చేద్దాం రా.”

మధ్యలో కనిపించే ధర ధరే కాదు

చాలామంది పడే మొదటి గుంట ఇదే. ఈబేలో మీరు బిడ్ వేసేటప్పుడు మీ గరిష్ఠ ధర చెబుతారు. సిస్టమ్ దాన్ని దాచిపెట్టి, ఎదుటివాడిని దాటడానికి ఎంత కావాలో అంతే వాడుతుంది. 250 నుంచి 500 డాలర్ల మధ్య అయితే ఒక్కో మెట్టు 5 డాలర్లు, 1,000 దాటాక 25. అంటే 610 అని స్క్రీన్ మీద ఉంటే దానర్థం రెండో స్థానంలో ఉన్నవాడు 600 దగ్గర ఆగిపోయాడని మాత్రమే. పైనున్నవాడు ఎంత వేశాడో మనకి తెలీదు.

పైగా సీరియస్ బయ్యర్లు మూడో రోజు బిడ్ వెయ్యరు, చివరి పది సెకన్లలో వేస్తారు. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో దీని మీద ఒక పేపర్ రాశారు. ఆ రోజుల్లో అమెజాన్ కూడా ఆక్షన్లు నడిపేది. అక్కడ చివర్లో బిడ్ పడితే టైమ్ పొడిగించేవాళ్లు. ఈబేలో టైమ్ అయిపోతే అయిపోయినట్టే. అందుకే ఆఖరి నిమిషం బిడ్లు ఈబేలో బాగా ఎక్కువ అని వాళ్లు చూపించారు. ఆ రూల్ ఇప్పటికీ అలాగే ఉంది.

కాబట్టి 900 ఆఫర్‌ని 610తో పోల్చకూడదు. ఈబే సెర్చ్‌లో ‘సోల్డ్ ఐటమ్స్’ ఫిల్టర్ పెట్టి, అదే మోడల్, అదే కండిషన్‌లో నిజంగా అమ్ముడైన ధరలు చూడాలి. అడిగే ధరలు కాదు, అమ్ముడైనవి. అడగడానికేముంది, ఎవడైనా ఎంతైనా అడుగుతాడు. మేం చూసినప్పుడు దాదాపు అన్నీ 1,400 పైనే ఉన్నాయి. 900 అన్నవాడు కూడా అదే ఫిల్టర్ చూసే వచ్చి ఉంటాడని నా డౌట్.

“థ్యాంక్స్, ఆక్షన్ నడుస్తోంది, దయచేసి బిడ్ వేయండి” అని మర్యాదగా రిప్లై ఇచ్చాం. నెక్స్ట్ డే అదే మనిషి 1,150 అన్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించారా? ఒక్క రోజులో 250 పెంచాడు. మనం ఏమీ బేరం ఆడలేదు, వద్దన్నామంతే. ఎకనామిక్స్‌లో జెరెమీ బులో, పాల్ క్లెంపరర్ 1996లో రాసిన పేపర్ ఒకటుంది. సారాంశం చెప్పాలంటే, కొన్ని సాధారణ షరతుల్లో, ఎంత బాగా బేరమాడినా వచ్చేదానికంటే ఒక్క సీరియస్ బిడ్డర్ అదనంగా ఉన్న మామూలు వేలంలో సగటున ఎక్కువ వస్తుంది. ప్రైవేట్ ఆఫర్ పెట్టేవాడు చేసే పని సరిగ్గా దానికి రివర్స్. మిగతా బిడ్డర్లని తీసేసి మనల్ని ఒంటరిగా కూర్చోబెడతాడు. వాడి తప్పేం లేదు, నేనైనా కొనేటప్పుడు ట్రై చేస్తాను.

శనివారం రాత్రి

అసలు కథ ఇది. ఆక్షన్ ముగియడానికి ఇంకా 20 గంటలుంది. ధర 1,105. మళ్లీ మెసేజ్. “1,400. రేపు పొద్దున ప్లేనోలో కలుద్దాం, మీ ఎదురుగానే జెల్ చేస్తాను.” కింద ఫోన్ నంబర్, అంకెల్లో కాదు అక్షరాల్లో! సైట్ ఫిల్టర్‌కి దొరక్కూడదని.

నేను కాలిక్యులేటర్ తీశాను. ఈబే ఫీజు ఆ కేటగిరీలో 13 శాతం దగ్గర ఉండేది. అది వస్తువు ధర మీద మాత్రమే కాదు, బయ్యర్ కట్టే షిప్పింగ్, సేల్స్ టాక్స్ కూడా కలిపిన మొత్తం మీద పడుతుంది. టాక్స్ కలుపుకుంటే అమ్మిన ధరలో 14 శాతం పోతుందనుకోండి. అంటే మా చేతికి 1,400 రావాలంటే ఆక్షన్ 1,630 దగ్గరికి వెళ్లాలి. సో ఇది చెత్త ఆఫర్ కాదు. నిజంగానే మంచి ఆఫర్.

మావాడు ఏమీ అనలేదు. అప్పటికి 31వ రోజు నడుస్తోంది. ఏప్రిల్ రెంట్, టికెట్, ఇంటికి పంపాల్సిన ఈఎంఐ... వాడి మొహంలో లెక్కలు కనిపిస్తున్నాయి.

రూల్స్ చూద్దాం. ఈబేలో 12 గంటల కంటే ఎక్కువ టైమ్ ఉంటే, బిడ్లు ఉన్నా సరే వాటిని క్యాన్సిల్ చేసి లిస్టింగ్ ఆపొచ్చు, ఫీజు పడే ఛాన్స్ మాత్రం ఉంది. 12 గంటల లోపు అయితే క్యాన్సిల్ లేదు, ఉన్న టాప్ బిడ్డర్‌కి అమ్మి ముగించాల్సిందే. అంటే మాకు ఇంకా కిటికీ తెరిచే ఉంది. కానీ కారణం అడిగితే ఏం చెప్పాలి? పోయిందనా, పగిలిందనా? అబద్ధం చెప్పాలి. సైట్‌లో పరిచయమైనవాడికి సైట్ బయట అమ్మడం పాలసీకి విరుద్ధం, అకౌంట్ మీదకే వస్తుంది. ఏదైనా తేడా వస్తే సెల్లర్ ప్రొటెక్షన్ కూడా ఉండదు.

జెల్ సంగతి వేరే. డబ్బు నిజంగా మీ బ్యాంక్ యాప్‌లో పడితే అది దాదాపు క్యాష్ లాంటిదే. మోసం జరిగేది పడకముందు. ‘మీ అకౌంట్‌ని బిజినెస్‌కి అప్‌గ్రేడ్ చేయండి, ఎక్స్‌ట్రా పంపాను, తిరిగి ఇవ్వండి’ అని నకిలీ మెయిల్ వస్తుంది. మన ఊళ్లో ‘డబ్బులు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అనే దానికి అమెరికా అన్న. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరమే ఉండదు, మీ నాన్నగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.

ఈ మనిషి మోసగాడిలా మాత్రం లేడు. రెండేళ్ల పాత అకౌంట్, నలభై దాకా ఫీడ్‌బ్యాక్‌లు, అన్నీ బాగున్నవే. అదే ఇబ్బంది. దొంగ అయితే నిర్ణయం ఈజీ.

ఇంకోటి కూడా ఉంది. 1,105 మీద ఎవరో ఒకాయన టాప్ బిడ్డర్‌గా కూర్చున్నాడు. నాలుగు రోజులుగా రూల్ ప్రకారం వేస్తున్నాడు. ఆయన్ని తీసేయడానికి నా మనసు ఒప్పలేదు. డబ్బు నాది కాదు కాబట్టి అలా అనడం నాకు తేలికే, అది కూడా నిజం.

చివరికి మావాడే టైప్ చేశాడు. “1,400 వరకు మీకు ఓకే అయితే ఆక్షన్‌లో అదే వేయండి. ఎవరూ దాటకపోతే మీదే, బహుశా ఇంకా తక్కువకే.” రిప్లై రాలేదు.

ముందే చేయాల్సింది

ఈ టెన్షన్ అసలు లేకుండా చేసుకోవచ్చు. లిస్టింగ్‌లో బై ఇట్ నౌ ధర కూడా పెట్టండి. తొందర ఉన్నవాడు బిడ్ పడకముందే సైట్‌లోనే కొనేస్తాడు, మొదటి బిడ్ పడ్డాక ఆ బటన్ మాయమవుతుంది. మాట్లాడి తేల్చుకోవడం ఇష్టమైతే ఆక్షన్ మానేసి, ఫిక్స్‌డ్ ప్రైస్‌తో బెస్ట్ ఆఫర్ ఆన్ చేయండి. ఆఫర్ వస్తే 48 గంటల్లో ఒప్పుకోవచ్చు, కౌంటర్ వేయొచ్చు. రేటు అందరికీ తెలిసిన ఐఫోన్ లాంటివాటికి ఇదే బెటర్. అన్నిటికంటే ముందు, చేతికి ఎంత వస్తే చాలు అనేది లిస్టింగ్ పెట్టే రోజే కాగితం మీద రాసుకోండి. శనివారం రాత్రి కాదు. మేం రాసుకోలేదు.

గెలిచినవాడు నాలుగు రోజుల్లో కట్టకపోతే ఆర్డర్ క్యాన్సిల్ చేసి, రెండోవాడికి అతని గరిష్ఠ బిడ్ ధరకే సెకండ్ ఛాన్స్ ఆఫర్ పంపొచ్చు. ప్రైవేట్ డీల్ కావాలంటే అది ఒక పద్ధతైన ప్రైవేట్ డీల్.

ఇండియాలో ఈ ఆట ఇప్పుడు లేదు. 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌ని 2004లో ఈబే కొంది, 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది, 2018 ఆగస్టు 14న మూతపడింది. ఇప్పుడు మన సెకండ్ హ్యాండ్ యాప్‌లలో వచ్చే ప్రతి మెసేజూ ప్రైవేట్ ఆఫరే, ‘లాస్ట్ ఎంత బ్రో’ టైపు.

ఆదివారం సాయంత్రం ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. చివరి నిమిషానికి 1,290. పది సెకన్లలో మూడు బిడ్లు పడి 1,530 దగ్గర ఆగింది. 1,505 వేసినవాడి మీద ఒక మెట్టు. గెలిచినాయన గంటలో కట్టేశాడు. 750 దాటింది కాబట్టి సంతకం తీసుకునే డెలివరీతో పంపాం. ఫీజులు పోగా చేతికి 1,315 దగ్గర వచ్చింది.

అంటే ప్లేనో వెళ్లి ఉంటే 85 డాలర్లు ఎక్కువ. వెళ్లి ఉంటే, ఆయన వచ్చి ఉంటే, జెల్ పడి ఉంటే. మావాడు 52వ రోజున హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కాడు, ఇప్పుడు గచ్చిబౌలిలో పని చేస్తున్నాడు. కలిసినప్పుడల్లా బిల్లు నా ముందుకి తోసి, “85 డాలర్లలో ఇది తగ్గించుకో మామా” అంటాడు. నా లెక్క ప్రకారం ఇంకా 30 బాకీ ఉన్నాను.