భూకంపం వస్తే నేరేడ్‌మెట్‌లో ఏ బిల్డింగ్‌కి ముప్పు? ముందే లెక్కగట్టే డిజిటల్ ట్విన్

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగులో 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే హైదరాబాద్‌లోనూ జనం ఉలిక్కిపడ్డారు. మరి ఇంకా పెద్దది వస్తే? దీనికి ముందే జవాబు వెతికేదే డిజిటల్ ట్విన్. అంటే కంప్యూటర్‌లో నగరానికి అచ్చం నకలు. నేరేడ్‌మెట్‌కి అలాంటి మోడల్ ఉంటే, అందులో ఉత్తుత్తి భూకంపం పుట్టించి ఏ పిల్లర్లు విరుగుతాయో, ఏ గల్లీ శిథిలాలతో మూసుకుపోతుందో, అంబులెన్స్ ఎటు తిరగాలో చూడొచ్చు.

అసలు టెన్షన్ కింద పార్కింగ్, పైన ఫ్లాట్లు ఉన్న అపార్ట్‌మెంట్లతోనే. గోడల్లేని ఆ కింది అంతస్తు బలహీనంగా ఉంటుంది. 2001 భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో ఇలాంటివి చాలానే కూలాయి.

అయితే ట్విన్‌కి పక్కా డేటా కావాలి: పిల్లర్ల సైజు, కింద నేల రకం, బిల్డింగ్ వయసు. ప్లాన్‌లో మూడు అంతస్తులు చూపించి ఐదు కట్టేస్తే, మోడల్ కూడా మూడింటికే లెక్కగడుతుంది.